గెలిచిన పక్షం

ఓడెస్సా ప్రూయిట్ నడిపే బడిబస్సులో పిల్లలు అల్లరి చెయ్యరు. ఆవిడ అరవదు, తిట్టదు, పైనున్న అద్దంలోంచి ఒక్కసారి చూస్తుంది. అంతే, వెనక సీటు దాకా చప్పుడు ఆగిపోతుంది. పాతికేళ్ళ పైచిలుకు టాల్బర్ట్ ఊళ్ళో అదే పని. మొదట్లో ఎక్కిన పిల్లలు పెద్దవాళ్ళై, తమ పిల్లల్ని తెచ్చి మళ్ళీ ఆవిడ బస్సే ఎక్కించారు. అందుకని టాన్‌యార్డ్ పేట తరఫున నగర కౌన్సిల్‌కి నిలబడినప్పుడు ఓడెస్సా గడపగడపకీ తిరగాల్సిన అవసరం రాలేదు. "కూర్చోమంటే నోరెత్తకుండా కూర్చున్నాం, ఓటెయ్యమంటే వెయ్యమా?" అన్నారు జనం.

ఓడెస్సా మాటిస్తే తప్పదని పేరు. అలాంటి పేరు తెల్లచీర లాంటిది. కట్టుకున్నంతసేపూ అందరూ మెచ్చుకుంటారు, మరక పడిన రోజున ఆ మరకనే చూస్తారు.

ఆవిడకి బేస్‌బాల్ పిచ్చి ఉందన్న సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ తప్పుగా అర్థమవుతుంది. మా ఊరి జట్టు పేరు బురద తాబేళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోండి, చిన్న ఊళ్ళ జట్ల పేర్లు అలాగే ఏడుస్తాయి. ఏనాటికైనా పెద్ద జట్టులోకి వెళ్తామని కలలు కనే కుర్రాళ్ళూ, ఇక వెళ్ళమని తెలిసిపోయినా ఆట వదల్లేని వాళ్ళూ కలిసి ఆడే జట్టు అది. శుక్రవారం సాయంత్రం ఆట ఉందంటే ఓడెస్సా ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, అంపైర్‌ని ఏడుతరాల వరకూ దులిపేసేది. బస్సులో మిగిల్చుకున్న గొంతంతా అక్కడ ఖర్చు పెట్టేది.

ఆ జట్టు ఆడే కొండమీది పాత మైదానం శిథిలమైపోయింది. వానొస్తే ఆటగాళ్ళ గదిలో బకెట్లు పెట్టాల్సిందే. జట్టు యజమాని ఒకరోజు పేపర్లో చెప్పేశాడు: ఏటి ఒడ్డున కొత్త స్టేడియం కట్టిస్తే ఉంటాం, లేదంటే వేరే ఊరు చూసుకుంటాం. మేయర్ గ్రేడీ ల్యాండ్రమ్ వెంటనే నక్షా తీశాడు. ఆ నక్షాలో ఏటి ఒడ్డు మొత్తం పచ్చగా, అందంగా గడ్డి పరిచి ఉంది. ఆ గడ్డి కింద టాన్‌యార్డ్ పేట నాలుగు వీధులున్నాయన్న సంగతి నక్షా గీసినవాడు పట్టించుకోలేదు.

ఆ నాలుగు వీధుల్లో ఒకదాంట్లో ఆర్లీతా మేస్ ఇల్లుంది. ఓడెస్సా తల్లి పోయేనాటికి పిల్లకి పదకొండేళ్ళు. పక్కింటి ఆర్లీతా వచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయి, స్టూలు మీద కూర్చోబెట్టి, పొయ్యి మీద వేడిచేసిన ఇనపదువ్వెనతో చిక్కులు పడిన జుట్టంతా సాపు చేసింది. "ఇవాళ్టి నుంచీ నీ తల నా పూచీ" అంది. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఓడెస్సాకి అత్త అంటే ఆవిడే. ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి. ముందుగదిలో పేట ఆడవాళ్ళ జుట్టు దువ్వుతూ, ఆ ఇంట్లోనే ముసలిదైపోయింది.

ఆర్లీతా అత్తలో ఒక్కటే లోపం. నోట్లో నువ్వుగింజ నానదు. చర్చి ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే ఫోన్లో కలిసి ప్రార్థన చేసుకుంటారు, దాన్ని నడిపేది ఆవిడే. "ప్రభువా, మూల ఇంటి కుర్రాడు మళ్ళీ సీసా పట్టాడు, వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాం" అంటుంది. ప్రభువుకి ఆ సంగతి ముందే తెలుసు. పేటకి మాత్రం అప్పుడే తెలుస్తుంది.

స్టేడియం గొడవ మొదలైన వారంలోనే ఓడెస్సా ఆవిడ వరండాలో కూర్చుని మాటిచ్చింది.

"నా ఓటు 'కాదు' అనే, అత్తా. బైబిలు తీసుకురా, చెయ్యి పెట్టి చెప్తాను."

"బైబిలెందుకే? నీ నోరు చాలు" అంది ఆర్లీతా.

*

మే నెల మొదటి మంగళవారం సాయంత్రం ఓటింగు పెట్టారు. కౌన్సిల్ హాలు ఇసక వేస్తే రాలనట్టుంది. ఒకవైపు 'తాబేళ్ళు ఇక్కడే ఉండాలి' అని రాసిన నీలం టీషర్టులు. రెండోవైపు ఆదివారం టోపీలు పెట్టుకుని, చర్చి విసనకర్రలతో విసురుకుంటున్న టాన్‌యార్డ్ ఆడవాళ్ళు. మాట్లాడదలచుకున్నవాళ్ళకి తలా మూడు నిమిషాలు. మైకు దగ్గర ఎర్రదీపం వెలిగితే సగం మాటలో ఉన్నా సరే దిగిపోవాలి.

"ఊరు చచ్చిపోతోందయ్యా!" అన్నాడు బజారులో సారా దుకాణం నడిపే ఆయన. "ఆరు కొట్టేసరికి వీధిలో కుక్క కూడా కనపడట్లేదు. ఆట ఉన్న రోజునన్నా నాలుగు కార్లు ఆగుతాయి. వీళ్ళకేమో పాత కొంపలు కావాలి, ఊరు అక్కర్లేదు!"

"జట్టు వాళ్ళది, టిక్కెట్టు డబ్బులు వాళ్ళవి, కట్టించేది మాత్రం మన పన్నులతోనా?" అని అందుకున్నాడు టాన్‌యార్డ్ మెకానిక్ ఒకడు. "అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంట! అంత ముచ్చటగా ఉంటే మేయర్ గారి పెరట్లో కట్టుకోమనండి, బోలెడు చోటుంది!"

నీలం టీషర్టుల వైపు నుంచి ఈలలు, ఇటు నుంచి చప్పట్లు. ఆ మధ్యలో జట్టు తాబేలు వేషం వేసుకునేవాడు, డిప్పతో సహా నడుచుకుంటూ వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

"ముసుగు తీసి మాట్లాడు" అన్నాడు మేయర్.

"తీస్తే వెనకాల పిల్లలు ఏడుస్తారు సార్."

రెండు పక్షాలూ కలిసి నవ్వింది ఆ సాయంత్రం మొత్తం మీద అదొక్కసారే. ఆ తర్వాత ఆర్లీతా అత్త లేచింది. చేతికర్ర ఆనించుకుని మైకు దగ్గరకి చేరడానికే దీపం సగం కాలం తినేసింది.

"మా ఇల్లున్నచోట రెండో బేస్ వస్తుందట. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి నా వంటింటి మీద నిలబడతారన్నమాట. బాగానే ఉంది. నాకూ ఆటంటే ఇష్టమే బాబూ. కాని నేనింకా అవుట్ కాలేదు."

టాన్‌యార్డ్ వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఓడెస్సా మాత్రం కౌన్సిల్ బల్ల వెనక కూర్చుని, కళ్ళు తుడుచుకోకుండా ఉండడానికి నీళ్ళ గ్లాసు అందుకుంది.

చివరగా జట్టు యజమాని పంపిన మనిషి మాట్లాడాడు. మెత్తటి గొంతు. జట్టు ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళోనే ఉంటుందని అన్నాడు. అప్పుడు హోయ్ట్ బ్రాస్‌వెల్ తల ఎత్తాడు. ఆయన కౌన్సిల్ సభ్యుడు, విత్తనాలూ పశువుల దాణా అమ్మే దుకాణం ఆయనది. ఎటు ఓటేస్తాడో ఎవరికీ తెలియంది ఆయనొక్కడి సంగతే.

"ఆ ముప్పై ఏళ్ళ మాట రాసిస్తారా?"

"తప్పకుండా సార్. కాగితాలు తయారవుతున్నాయి."

హోయ్ట్ మెడ గోక్కున్నాడు. చెయ్యి కలిపితే చాలు, అదే పత్రం అనుకునే పాతకాలపు మనిషి ఆయన. ఎదుటివాడూ అలాంటివాడే అనుకుంటాడు. ఆయన మెడ గోక్కోవడం ఓడెస్సా చూసింది.

పేర్లు పిలవడం మొదలైంది. మేయర్‌తో కలిపి ఏడుగురు. అక్షరాల వరసలో బ్రాస్‌వెల్ మొదటివాడు, ప్రూయిట్ ఆఖరిది, ఆ తర్వాత మేయర్.

"బ్రాస్‌వెల్?"

హోయ్ట్ చాలాసేపు బల్లకేసి చూశాడు. "అవును" అన్నాడు చివరికి.

తర్వాత నలుగురిలో ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇక మిగిలింది తానూ మేయరూ. మేయర్ అవునంటాడని చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అంటే నలుగురు అటు. తాను కాదంటే ఇటు ముగ్గురు. మాట నిలబడుతుంది, పేట పోతుంది.

ఆ క్షణాన ఆవిడకి గుర్తొచ్చింది వాళ్ళ చర్చి తివాచీ.

నవ్వులాట కాదు. కొన్నేళ్ళ కిందట బెతెస్దా బాప్టిస్టు చర్చిలో కొత్త తివాచీ ఎర్రదా నీలమా అని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేంత గొడవ జరిగింది. ఓటు పెట్టారు. చర్చి పెద్దల్లో ఒకడూ, నీలం పక్షానికి నాయకుడూ అయిన డీకన్ స్పైవీ, తన పక్షం ఓడిపోతోందని తెలిసి, ఆఖరి నిమిషంలో చెయ్యెత్తి ఎర్రకి ఓటేశాడు. ముసలాడికి మతిపోయిందన్నారు. వచ్చే నెల సమావేశంలో ఆయన లేచి, "గెలిచిన పక్షాన ఓటేసినవాడిగా అడుగుతున్నాను, ఆ తీర్మానాన్ని మళ్ళీ విచారించాలి" అన్నాడు. నియమం అది. తేలిపోయిన విషయాన్ని తిరగదోడమని ఓడినవాళ్ళు అడిగితే చెల్లదు. గెలిచిన పక్షంలో ఎవరికైనా అనుమానం వస్తేనే వింటారు. ఆ రోజైనా అడగాలి, మరుసటి సమావేశంలోనైనా అడగాలి, ఆపైన తలుపు మూసుకుపోతుంది. స్పైవీ ఆ నెలరోజుల్లో కావలసిన వాళ్ళని తిప్పుకున్నాడు. ఆ చర్చిలో తివాచీ ఇవాళ్టికీ నీలమే.

నగర కౌన్సిల్ నడిచేదీ ఆ నియమాల పుస్తకం ప్రకారమే.

"ప్రూయిట్?" అంది గుమాస్తా.

హోయ్ట్ మెడ గోక్కున్నాడు. అంటే ఆ మాట ఆయన పూర్తిగా నమ్మలేదు, తేల్చుకోవడానికి ఆయనకి వచ్చే సమావేశం దాకా రెండు వారాలు కావాలి. రాసిస్తామన్న కాగితం రాదని ఆయనకి ఆయనే తెలుసుకోవాలి. కాని ఈ ఎత్తు మేయర్ పసిగట్టాడా, తన మనుషుల్లో ఒకడిచేత ఇప్పుడే 'మళ్ళీ విచారిద్దాం' అనిపించి, ఇప్పుడే ఓడించి, రెండోసారి అడగడానికి వీల్లేకుండా తలుపుకి తాళం వేసేస్తాడు. రేపు తెలిసినా ప్రత్యేక సమావేశం పెట్టి అదే పని చేస్తాడు. ఎవరికీ తెలియకూడదు. పేటకీ తెలియకూడదు.

"ప్రూయిట్?"

"అవును" అంది ఓడెస్సా.

మేయర్ కూడా ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. ముందు వరసలో ఆర్లీతా అత్త పక్కావిడ వైపు వంగి, "ఏమంది? నాకు సరిగ్గా వినపళ్ళేదు" అని అడగడం ఓడెస్సాకి స్పష్టంగా వినిపించింది. పక్కావిడ చెవిలో చెప్పింది. ఆర్లీతా మళ్ళీ అడిగింది. పక్కావిడ మళ్ళీ చెప్పింది.

ఆపైన హాలు బద్దలైంది. "జూడాస్!" అని ఎవరో కేకపెట్టారు. "ఎంతకి అమ్ముడుపోయావే, ఓడెస్సా? మేయర్ తన పక్కన సీటు కొనిచ్చాడా?" అన్నాడు మెకానిక్. ఓడెస్సా చేతులు బల్లకింద పెట్టుకుని కూర్చుంది.

*

ఆ రెండు వారాలూ ఆవిడ పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

బస్సు ఆగితే తల్లులు పిల్లల్ని ఎక్కించి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. చర్చిలో ఆవిడ కూర్చున్న బెంచీ మొత్తం ఖాళీ. పాస్టరు ఆ ఆదివారం ఏరికోరి, క్రీస్తుని పట్టిచ్చి జూడాస్ పుచ్చుకున్న ముప్పై వెండి నాణేల మీద ప్రసంగం చేశాడు, మధ్యమధ్య ఆవిడకేసి చూడకుండా ఉండడానికి పాపం చాలా శ్రమపడ్డాడు. అంతకన్నా ఘోరం శుక్రవారం ఆట. నీలం టీషర్టులవాళ్ళు వచ్చి భుజం తట్టి, ఆవిడకి వేరుశనక్కాయలు కొనిపెట్టారు. అంపైర్ తప్పు చెప్పినా ఆవిడ కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. మేయర్ స్వయంగా వచ్చి జట్టు టోపీ ఇచ్చి, "నీకింత దూరదృష్టి ఉందనుకోలేదు మిస్ ఓడెస్సా" అన్నాడు. ఆవిడ ఆ టోపీ పెట్టుకుని నవ్వాల్సి వచ్చింది. ఫోటో కూడా తీశారు. మర్నాడు అది పేపర్లో పడింది.

పొద్దుటి ఫోను ప్రార్థనలోకి ఆవిడ చప్పుడు చెయ్యకుండా చేరి వినేది. ఒకరోజు ఆర్లీతా గొంతు: "ప్రభువా, ఓడెస్సాని నీ చేతుల్లో పెడుతున్నాం. నా చేతుల్లోంచి జారిపోయింది." ఓడెస్సా ఆ పూట బస్సు ఆలస్యంగా తీసింది. తన ఉద్యోగంలో అంత ఆలస్యం అదే మొదటిసారి.

రెండో వారం బుధవారం నాడు ఇక ఉండబట్టలేక అత్త ఇంటికి వెళ్ళింది. దోమతెర తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. ఆర్లీతా దాని వెనక వచ్చి నిలబడింది, గడియ తియ్యలేదు.

"అత్తా."

"ఎవరూ? ఓహో, కౌన్సిల్ వారా? మా ఇంట్లో మైకు లేదమ్మా, ఏమనుకోకండి."

"స్టేడియం కోసం ఇళ్ళు కొనే ఆ భూముల కంపెనీ మనిషి వస్తున్నాడట కదా?"

"వస్తున్నాడు. రోజూ వస్తున్నాడు. మర్యాదస్తుడు, టోపీ తీసి మరీ మాట్లాడతాడు. ఇప్పుడు సంతకం పెడితే పద్ధతిగా కొనుక్కుంటారట. తర్వాతైతే నగరం లాక్కుని ఇష్టమొచ్చింది చేతిలో పెడుతుందట."

"పెట్టకు అత్తా. సంతకం మాత్రం పెట్టకు. వచ్చే మంగళవారం దాకా ఆగు."

"మంగళవారం ఏముందే?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఈ తలుపు తెరుచుకుంటుంది, అత్త దగ్గరకి తీసుకుంటుంది. ఆ తర్వాత? రేపు పొద్దున్నే "ప్రభువా, నా ఓడెస్సా బంగారం, మంగళవారం నాడు దాని నోటికి బలమివ్వు" అంటుంది. ఆ ఫోను పట్టుకునేవాళ్ళలో ఒకావిడ చెల్లెలు మేయర్ ఆఫీసులో పని చేస్తుంది. పేట మొత్తం ఒక ముసలావిడ నోటి మీద ఆధారపడి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏదో ఉంది అత్తా. ఇప్పుడు చెప్పలేను. నన్ను నమ్ము."

ఆర్లీతా తెర దగ్గరగా వచ్చింది. "ఆగమన్నావు, ఆగాను. నమ్మమన్నావు, నమ్మాను. ఇంకేం మిగిలిందే నా దగ్గర, నీకివ్వడానికి?"

అని లోపలి చెక్కతలుపు కూడా వేసేసింది.

చెప్పేసి ఉండాల్సింది అని ఇప్పుడు మనం కాళ్ళు చాపుకుని కూర్చుని తీరిగ్గా అనుకుంటాం. ఆ గుమ్మంలో నిలబడితే తెలుస్తుంది. తన మాటకున్న విలువనంతా ఓడెస్సా ఆ ఒక్క 'అవును'లో ఖర్చు పెట్టేసింది. ఇప్పుడు నిజం చెప్తున్నా కొనేవాళ్ళు లేరు.

శనివారం హోయ్ట్ దుకాణానికి టమాటా నారు కొనడానికి వెళ్ళింది. ఇంటి వెనక ఆవిడకి టమాటా మడి లేదు, అది వేరే సంగతి.

హోయ్ట్ చిరాగ్గా ఉన్నాడు. "ముప్పై ఏళ్ళకి రాసిస్తామన్నారా లేదా మిస్ ఓడెస్సా? మీరూ విన్నారుగా?"

"విన్నాను మిస్టర్ హోయ్ట్."

"ఇప్పుడు ఫోన్ చేస్తే పదేళ్ళంటున్నారు. అదీ 'పరిస్థితులను బట్టి' అట. మొహం మీదే అబద్ధం చెప్పాడు చూశారా, వెధవ! మా నాన్న ఉంటే ఎడ్లకొట్టం దాకా తరిమేవాడు." నారుకట్ట కాగితంలో చుడుతూ గొంతు తగ్గించాడు. "ఏం లాభం. ఓటేసేశాం. అయిపోయింది."

అయిపోలేదు అని చెప్పాలనిపించింది. ఈయన మంచివాడే, కాని మేయర్‌తో కలిసి రోజూ పొద్దున కాఫీ తాగుతాడు. ఓడెస్సా పెదవి కొరుక్కుంది.

"మంగళవారం మీటింగుకి వస్తున్నారుగా?"

"రాకేం?"

"జలుబనీ జ్వరమనీ మానెయ్యకండి."

హోయ్ట్ చుట్టడం ఆపి ఆవిడకేసి చూశాడు. ఓడెస్సా నారు తీసుకుని గబగబా బయటపడింది.

*

మంగళవారం సాయంత్రం హాలు సగం ఖాళీ. నీలం టీషర్టులు పండగ చేసుకుని ఇళ్ళకి పోయాయి, టాన్‌యార్డ్ వాళ్ళలో ఏడెనిమిది మంది మాత్రం తిట్టడానికి ఓపిక మిగుల్చుకుని వచ్చారు. మురుగు కాలవలూ వీధిదీపాలూ అయ్యాయి. మేయర్ సుత్తి అందుకుని, "ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు, లేవని తెలిసిన గొంతుతో.

"ఉంది" అంది ఓడెస్సా. కాగితం చూడలేదు. "కిందటి సమావేశంలో స్టేడియం మీద చేసిన తీర్మానాన్ని మళ్ళీ విచారించాలని ప్రతిపాదిస్తున్నాను."

మేయర్ నవ్వబోయాడు. "మిస్ ప్రూయిట్, అలా అడగాలంటే..."

"గెలిచిన పక్షాన ఓటేసి ఉండాలి. వేశాను మేయర్ గారూ. మీరే టోపీ కూడా ఇచ్చారు."

మేయర్ గుమాస్తా వైపు తిరిగాడు. గుమాస్తా పాత పుటలు తిప్పి తల ఊపింది. నగర న్యాయవాది పుస్తకం తెరిచాడు, చూశాడు, మూసేశాడు.

"ఎవరైనా బలపరుస్తున్నారా?" అన్నాడు మేయర్.

ఆ రోజు కాదన్న ఇద్దరు సభ్యులూ ఓడెస్సాని పాముని చూసినట్టు చూస్తున్నారు. ఇది ఇంకేం మాయో అన్న అనుమానం వాళ్ళది. రెండువారాల కిందట తమని నట్టేట ముంచిన మనిషి చెయ్యి చాస్తే ఎలా పట్టుకుంటారు? ఓడెస్సా వాళ్ళకేసి బతిమాలుతున్నట్టు చూసింది. వాళ్ళు చూపు తిప్పుకున్నారు. ఎవరి బలం లేని ప్రతిపాదన అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఈ ఒక్కటీ తాను లెక్కవేసుకోలేదని ఆవిడకి అప్పుడు తెలిసింది.

మేయర్ సుత్తి ఎత్తాడు. "బలపరిచేవాళ్ళు లేరు కనక..."

"ఆగు గ్రేడీ" అన్నాడు హోయ్ట్ బ్రాస్‌వెల్. "నేను బలపరుస్తున్నాను. జలుబు లేదు నాకు."

మళ్ళీ విచారించాలా అన్నదానికి నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. స్టేడియం కట్టాలా అన్నదానికి ఈసారి ముగ్గురే అవునన్నారు. అంతే. ఏటి ఒడ్డున స్టేడియం లేదు.

ఉన్న ఏడెనిమిది మందీ ఎనభై మందిలా అరిచారు. మెకానిక్ బల్ల దూకి వచ్చి ఓడెస్సాని పైకెత్తేశాడు. "ఓసి నీ దుంపతెగ! మాకొక్క ముక్క చెప్పకూడదటే? నేను నిన్ను ఎన్ని బూతులు తిట్టానో తెలుసా!"

"తెలుసు. అన్నీ విన్నాను. దింపు ముందు."

నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. అప్పటికే ఎవరో పాస్టరుకి ఫోన్ చేస్తున్నారు. ఓడెస్సా మాత్రం వరసలు వెతుక్కుంటోంది.

"అత్త రాలేదా?"

"ఆవిడ గుమ్మం దాటి ఎన్నాళ్ళయిందో. పో, నువ్వే వెళ్ళి చెప్పు!"

ఇంకా వెలుతురు ఉంది. ఓడెస్సా కారు వీధి చివర ఆపి, చిన్నపిల్లలా పరిగెత్తుకుంటూ వెళ్ళింది. ఈసారి దోమతెరకి గడియ లేదు. ఆర్లీతా ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఓడెస్సా ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. మెడ గోక్కున్న హోయ్ట్, తివాచీ, టోపీ, అన్నీ.

"స్పైవీ తివాచీ!" అంది ఆర్లీతా. ఆవిడ నవ్వు మొదలుపెట్టి, ఇక ఆపలేక, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఓసినీ! ఆ ముసలి నక్కని పాస్టరు చర్చి నుంచి వెలేస్తానన్నాడే! ఎంత పని చేశావే! ఎంత బాగా చేశావే తల్లీ!"

ఆ మాటకి ఓడెస్సాకి ఏడుపొచ్చింది. తల ఎత్తి చూసింది. అప్పుడు కనపడింది గది. గోడలకి బొమ్మలు లేవు. జుట్టు ఆరబెట్టే పెద్ద కుర్చీ లేదు. మూలనంతా తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు.

"ఇవేంటత్తా?"

ఆర్లీతా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది, తొందర లేకుండా. "సంతకం పెట్టేశానే. నువ్వొచ్చి వెళ్ళిన మర్నాడు."

ఓడెస్సా నోటివెంట మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. "రేపు వెళ్దాం. నేను మాట్లాడతాను. లాయర్ని పెడదాం. స్టేడియమే లేనప్పుడు వాళ్ళకీ ఇల్లెందుకు, వెనక్కిచ్చెయ్యమందాం..."

"అడిగానే. ఆ మర్నాడే మనసు మారి ఫోన్ చేసి అడిగాను. వెనక్కి తీసుకోవడాలు వాళ్ళ పుస్తకంలో లేవట. ఉత్తరం వైపు ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లో గది చూశారు నాకు. లిఫ్టు ఉందిలే."

"మరి ఎవరికీ చెప్పలేదేం? రోజూ వింటున్నాను నేను, ప్రార్థనలో కూడా ఒక్కసారీ..."

"ఎలా చెప్తానే పిచ్చిదానా?" అంది ఆర్లీతా. "నీ ఓటు చూసి ముసల్ది ఇల్లమ్ముకుందని తెలిస్తే పేటంతా నీ మీద పడి పీక్కుతినేది. అప్పటికే పడుతున్నావుగా. నా వల్ల నీ మీద ఇంకా కోపమెందుకని, నోరు మూసుకున్నాను. నాకూ వచ్చు నోరు మూసుకోవడం."

ఓడెస్సా ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేసింది. ఈ చేతులే కదా తన తల సాపు చేశాయి, ఈ నోటినే కదా తాను నమ్మలేకపోయింది అనుకుంది. ఆర్లీతా ఆవిడ జుట్టులో వేళ్ళు పెట్టి, అలవాటు కొద్దీ చిక్కులు వెతుకుతోంది.

వీధి చివర కార్ల హారన్లు మొదలయ్యాయి. "ఓడెస్సా! ఓడెస్సా ప్రూయిట్!" అని ఎవరో పాటలా పాడుతున్నారు. గుంపు ఇటే వస్తోంది.

"లే. మొహం తుడుచుకో" అంది ఆర్లీతా. "వరండాలోకి పోయి వాళ్ళకి కనపడు. నా సంగతి ఇవాళ చెప్పకు. ఇవాళ వాళ్ళని సంతోషపడనీ."

"నా వల్ల కాదత్తా."

"అవుతుంది. రెండు వారాలు చేశావుగా. ఇంకొక్క పూట."

ఓడెస్సా లేచింది. వెనకాల తలుపు దగ్గరగా వేసి, పెట్టెలు కనపడకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడి, వస్తున్నవాళ్ళకి నవ్వుతూ చెయ్యి ఊపింది.